చివరి తొమ్మిది పేజీలు నావి

ఆ నవల చివరి అధ్యాయం ఆయన రాసింది కాదు. నేను రాశాను. అచ్చులో తొమ్మిది పేజీలు. ముందున్న పదకొండు అధ్యాయాలూ ఆయనవే. వాటిలో నేను అక్షర దోషాలు తప్ప ఏమీ ముట్టుకోలేదు.

ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. పుస్తకాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, ఇన్నేళ్ళు ప్రూఫులు దిద్దారు కదా, మీ అనుభవాలు రాయండి అని అడుగుతుంటారు. చెప్పుకోదగ్గవి చాలానే ఉన్నాయి. పెళ్ళిపత్రికలో వరుడి పేరు ఉండాల్సిన చోట మామగారి పేరు పడి, ముహూర్తానికి మూడు రోజుల ముందు రెండు కుటుంబాలూ కలిసి మా ప్రెస్సు మెట్లెక్కిన సంగతి చెబితే మీరు నవ్వుతారు. అలాంటివి ఎవరైనా చెప్పగలరు. ఇది మాత్రం నేను చెప్పకపోతే తెలిసే దారి లేదు.

నేను పనిచేసింది కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న ప్రచురణ సంస్థలో. ముందు గది అంగడి, వెనక గది ప్రెస్సు. యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. నా పని ప్రూఫులు దిద్దడం. పేరుకు అంతే. రచయితల ఇళ్ళకు తిరగడం, కంపోజింగ్‌కు కాగితాలు మోయడం, ఆవిష్కరణ సభల్లో కుర్చీలు వేయించడం కూడా నేనే.

నాకు పని నేర్పినాయన ఒక నియమం పెట్టాడు. "కథలో పడితే తప్పు కనపడదు. తర్వాతి పేజీల్లోకి తొంగి చూడొద్దు. ఏ పేజీ దిద్దుతున్నావో ఆ పేజీ వరకే నీ లోకం" అనేవాడు. నేను ఆ నియమాన్ని ఇరవై ఎనిమిదేళ్ళు తప్పలేదు. ఎంత గొప్ప నవలైనా సరే, కంపోజింగ్ అయి ప్రూఫు చేతికొచ్చేదాకా తర్వాత ఏమవుతుందో నాకు తెలిసేది కాదు. దీన్ని నేను నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఈ కథంతా ఆ గొప్ప మీద నడుస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

రచయిత కడపలో ఉండేవారు. ఏడు దీవులు, వాటి మీద ఏడు కోటలు, మాట్లాడే కత్తి, తల లేని గుర్రం. బస్టాండు పుస్తకాల అంగళ్ళలో ఆయన మాంత్రిక నవలలు లేని కాలం నాకు గుర్తు లేదు. కానీ ఆయన మొదట రాసింది మాంత్రిక నవల కాదు. ఓర్వకల్లు వైపు కరువు పనుల దగ్గర కూలీల హాజరు రాసే గుమాస్తాగా పనిచేసి వచ్చాక, ఇరవై ఆరేళ్ళ వయసులో, ఒక హాస్య నవల రాశారు. అదీ సైన్సు కథ. 'ఆకాశం నుంచి కరువు బృందం' దాని పేరు. కర్నూలు నుంచి వచ్చే ఒక మాసపత్రికలో ఏడాది పాటు సీరియల్‌గా వచ్చింది. ఆ తర్వాత పత్రిక మూతపడింది. నవల పుస్తకంగా రాలేదు.

కథ ఇది. ఎక్కడో ఒక గ్రహంలో నీళ్ళు అయిపోవస్తున్నాయి. నీళ్ళు లేకుండా బతకడంలో అనుభవం ఉన్నవాళ్ళు ఎవరని ఆ గ్రహం అధికారులు ఆకాశమంతా గాలించి, ఓర్వకల్లు గుట్టల మధ్య ఒక ఊరిని ఎంచుకుని, నేర్చుకోవడానికి దిగుతారు. వాళ్ళకు మూడేసి కళ్ళు. ఊరివాళ్ళు వాళ్ళను ఏటా ఢిల్లీ నుంచి వచ్చే కరువు బృందం అనుకుంటారు. అర్థం కాని భాష, వింత బట్టలు, ఎండిన చేలకు ఫోటోలు తీయడం, ఏది చూపించినా తల ఊపడం, అన్నీ సరిపోతాయి. మూడో కన్ను సంగతి ఒకడు అడిగితే, ఈసారి కొంచెం పెద్ద ఆఫీసర్లను పంపించినట్టున్నారని ఇంకొకడు సర్దిచెబుతాడు. వాళ్ళ రాకెట్టును బోరు బండి అనుకుని, మా చేనికి ముందు రావాలంటే మా చేనికి రావాలని ఊరంతా కొట్టుకుంటుంది.

చదివినవాళ్ళు పొట్ట పట్టుకున్నారు. నేను నవ్వలేదు. ప్రూఫు చూసేవాడు నవ్వితే ఒక అక్షరం జారిపోతుంది.

రచయితకు డెబ్భై అయిదేళ్ళు నిండుతున్న సంవత్సరం, ఆ నవలను పుస్తకంగా వేద్దామని భాయ్‌కి తోచింది. ఇద్దరం కడప వెళ్ళాం.

"దాన్నేంటికప్పా తవ్వుతారు? బుద్ధి రానప్పుడు రాసింది" అన్నారు ఆయన.

"పాఠకులు అడుగుతున్నారు సార్" అన్నాను.

"అడిగేది పాఠకులా, ఈ భాయా?"

భాయ్ నవ్వి, "మైఁ భీ పాఠకుణ్ణే కదా సార్" అన్నాడు.

ఆయన దగ్గర రాతప్రతి లేదు, పత్రికలూ లేవు. కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుని చెప్పారు. "ఓర్వకల్లు పక్కన మా మేస్త్రి బిడ్డ ఉంది. కరువు పనుల్లో నా గ్యాంగు మేస్త్రి. ఆ పాప కాడ ఉంటాది. నవల చివర్న మేస్త్రి మాట ఒకటి పెట్టినా. ఏం మాటో ఇప్పుడు రాలే నోటికి. కానీ ఆ ఒక్క మాట పెట్టేదానికే మిగతాదంతా రాసినానప్పా. పోయి అడగండి. ఆ పాప ఇస్తే వేసుకోండి. నాకంటే వాళ్ళదే ఆ పుస్తకం."

పాప అని ఆయన అన్న మనిషికి అప్పటికే యాభై దాటాయి. అంగన్‌వాడీ టీచరు. నేను వెళ్ళేసరికి పిల్లలను ఇళ్ళకు పంపించి, చర్చి పక్కన ఉన్న తన ఇంటి వసారా ఊడ్చుకుంటోంది. వచ్చిన పని చెప్పగానే చీపురు అక్కడే పడేసి లోపలికి పోయి, దిండు గలీబులో చుట్టిన బైండు పుస్తకం తెచ్చింది.

సీరియళ్ళను పత్రికల్లోంచి కత్తిరించి కుట్టుకునే అలవాటు మీలో చాలామందికి తెలియదు. నెల నెలా ఆ పేజీలు జాగ్రత్తగా విప్పి, దాచి, కథ అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవాళ్ళు. ఇలాంటి బైండ్లే లేకపోతే మన భాషలో సగం నవలలు ఎప్పుడో గల్లంతయ్యేవి. ఈ బైండు మేస్త్రి కుట్టింది. ఆయనకు చదువు రాదు. కూతురు పదేళ్ళ పిల్లగా ప్రతి నెలా చదివి వినిపించేదట.

"మా నాయన్ను ఊర్లో శానా తిట్టినారు సార్" అంది. "ఒక్క పనికి, ఒక్క మాటకు. సచ్చేదాకా తిట్టినారు. మా నాయన ఏమన్యాడో, ఏంటికన్యాడో చివర్లో ఉంటాది. ఈ పెద్దాయన ఒక్కడే దాన్ని సరింగ రాసినాడు. పుస్తకం అయితే ఇంటికొకటి ఇస్తా. సదువుకోనీ. ఏమైందంటే సార్, ఆ పొద్దు కరువు ఆఫీసర్లొచ్చి..."

నేను చెయ్యెత్తి ఆపాను.

"చెప్పొద్దమ్మా. నేను ముందుగా కథ తెలుసుకోను. ప్రూఫులో అక్కడికి వచ్చినప్పుడే చదువుతాను."

ఆమె నోరు మూసుకుంది. నా వైపు గౌరవంగా చూసింది కూడా. "అట్లనా సార్. పెద్ద పనివాళ్ళు" అంది. బైండు ఇస్తూ, "కుట్టు మాత్రం ఇప్పొద్దు సార్. మా నాయన చేతి కుట్టు" అంది. సరేనన్నాను.

ఫోనుతో ఫోటోలు తీసుకోవచ్చు కదా అంటారు మీరు. తీశాను. దబ్బనం కుట్టు లోపలికంటా వేశాడు మేస్త్రి. ప్రతి పంక్తి మొదట్లో రెండు మూడు అక్షరాలు మడతలో పడి కనిపించలేదు. రెండో రోజే బ్లేడుతో కుట్టు కోశాను. తర్వాత మళ్ళీ కుట్టిస్తే తెలియదులే అనుకున్నాను. విడి కాగితాలు అయ్యాక ఇక ఫోటోలు ఎందుకని అవీ మానేశాను. కంపోజింగ్ చేసే అమ్మాయి కల్లూరులో ఉండేది. రెండు మూడు అధ్యాయాల చొప్పున కట్టలు కట్టి తీసుకెళ్ళేవాణ్ణి. అది అయ్యాక ఆ కట్ట వెనక్కి తెచ్చి ఇంకొకటి ఇచ్చేవాణ్ణి. పద్ధతిగానే జరిగింది.

చివరి కట్టలో ఒక్క అధ్యాయమే మిగిలింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని షేరాటో ఎక్కాను. వెనక సీటులో నలుగురం, ఒడిలో నా టిఫిను సంచి, కవరు సీటు వెనక సందులో. కల్లూరులో దిగాను. టిఫిను సంచితో దిగాను. మేడ మెట్లు సగం ఎక్కాక తెలిసింది.

కిందికి పరుగెత్తేసరికి ఆటో లేదు. స్టాండుకు పోయి అడిగాను.

"యా ఆటో సార్?"

"పసుపుపచ్చది."

"అన్నీ పసుపుపచ్చవే కద సార్! డ్రైవరు ఎట్లుంటాడు?"

చూడలేదన్నాను.

"దుడ్లేమన్నా ఉన్యాయా కవర్లో?"

"లేవప్పా. పాత కాగితాలు."

"పాత కాగితాలకా ఇంత పరిగెత్తినారు!" అన్నాడు ఒకడు. ఇంకొకడు ఓదార్పుగా, "బజ్జీల బండోనికి పోయింటాయిలే సార్, వృథా కావు" అన్నాడు.

మూడు రోజులు ఆ స్టాండులో నిలబడ్డాను. తర్వాత కర్నూలులో, కడపలో లైబ్రరీలు తిరిగాను. ఆ పత్రిక పాత సంచికలను ఎప్పుడో తూకానికి అమ్మేశారు.

మేస్త్రి కూతురికి ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఆ అధ్యాయం ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఫోను చేస్తే కుట్టు కోశానని చెప్పాలి, కాగితాలు పోగొట్టానని చెప్పాలి. చెప్పొద్దని చెయ్యెత్తి ఆపిన కథనే మళ్ళీ చెప్పమని అడుక్కోవాలి. అంతకుమించి కారణం లేదు. నాలుగేళ్ళుగా వెతికినా ఇంకో కారణం దొరకలేదు.

కడప వెళ్ళి రచయితతో, బైండులో చివరి భాగం ఎలుకలు కొట్టేశాయి సార్ అన్నాను. పాపం, ఎలుకలు.

"నాకు గుర్తు లేదప్పా. కొత్తగా రాయాలంటే చెయ్యి ఆడదు" అన్నారు. అప్పటికే ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. "ఆ పాపనే అడుగు. మనం రాసి మరిచిపోతాం. చదివినోళ్ళు మరిచిపోరు. ఆ పాప ఎట్ల చెప్తే అట్ల రాయి."

సరే సార్ అన్నాను. కర్నూలు వచ్చి మా ఇంట్లో కూర్చుని నేనే రాశాను.

ఏమి రాశానో కూడా చెప్పాలి. ఆయన మాంత్రిక నవలలు నలభైకి పైగా నేనే దిద్దాను. ఆ వాక్యం నడక నా చేతికి వచ్చు. అందుకని ముసలి మేస్త్రిని మారువేషంలో ఉన్న మహాపురుషుణ్ణి చేశాను. ఊరివాళ్ళు, గ్రహాంతరవాసులు చూస్తుండగా ఆయన తన చేతికర్రతో గుట్టను మూడుసార్లు తాకుతాడు. ఉరుములు, మెరుపులు, రాతి పగులులోంచి నీటిధార. 'కరువు నేలలో లేదు నాయనలారా, మీ నమ్మకంలో ఉంది' అని పలికి మబ్బుల్లో కలిసిపోతాడు. రాసి, చదువుకుని, బాగుందనుకున్నాను. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఆ పుస్తకం మొత్తం మీద నేను ఆనందించి చదివిన భాగం అదొక్కటే.

ఆయనకు చూపు తగ్గింది కాబట్టి ప్రూఫు నేనే చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇది నేనే రాసినానా?"

"ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను సార్."

"ఇదేనా మేస్త్రి మాట?"

"అదే సార్."

"ఇన్నేండ్లు ఇంకేందో అనుకుంటాన్యా" అన్నారు. తర్వాత పేలవంగా నవ్వారు. "అంటే అప్పుడే ఇంత చెడిపోయింటినన్నమాట. నేనేమో ఈ మాయలు మంత్రాలు పొట్టకూటికి మొదలుపెట్టినానని ఇంట్లోవాళ్ళకు చెప్తా ఉంటి."

నాకు చెప్పడానికి అదే సమయం. గదిలో ఇద్దరమే ఉన్నాం. ప్రూఫు నా చేతిలో ఉంది. ఆవిష్కరణకు ఇంకా ఇరవై రోజులున్నాయి.

"ఆ పాప చెప్పిందంటే నిజమే అయింటాది. వేసుకోండి" అన్నారు. నేను ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

సభ కడపలోనే పెట్టాం. హాలు బయట బల్ల మీద పుస్తకాలు పేర్చి నేనే కూర్చున్నాను. పొద్దున్నే ఆయన కబురు పంపారు, మేస్త్రి బిడ్డ వస్తే ముందు వరసలో కూర్చోబెట్టమని, సభ అయ్యాక తన దగ్గరికి తీసుకురమ్మని.

ఆమె బస్సు దిగి నడిచి వచ్చింది. ఉతికిన తెల్ల చీర, చేతిలో రెండు పెద్ద ఖాళీ గుడ్డసంచులు.

"ఎన్ని పుస్తకాలు మోస్తాయి సార్ ఇవి?" అంది సంచులు చూపిస్తూ. "మా వీధి ఇండ్లు ముప్పై రెండు. ఇంగ చర్చికొకటి."

ఒక పుస్తకం తీసుకుని పక్కన కుర్చీలో కూర్చుంది. అందరూ మొదటి పేజీ తెరుస్తారు. ఆమె చివరి పేజీలు తెరిచింది. లోపల ఎవరో మైకులో రచయిత ఊహాశక్తిని పొగుడుతున్నారు. నేను బల్ల మీద పుస్తకాల అంచులు సరిచేస్తూ ఉన్నాను. ఎంతసేపు సరిచేయగలను? తలెత్తేసరికి ఆమె మొదటిసారి చదవడం అయిపోయి, రెండోసారి చదువుతోంది.

లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"మా నాయన యాడ సార్?"

"అదే అమ్మా, ఆ మహాపురుషుడు..."

"కర్రతో రాయి కొడితే నీళ్ళొచ్చే కథ మేము చర్చిలో ఇంటానే ఉంటాం సార్. అది వేరే ఆయన కథ. మా నాయన కర్ర పట్టుకున్యోడు కాదు, గడ్డపార పట్టుకున్యోడు. మా నాయన మాట యాడ?"

నేను ఏమన్నానో ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "పుస్తకం కోసం పెద్దాయన మార్చారమ్మా. ఇప్పటి పాఠకులకు ఇదైతే నచ్చుతుందని" అన్నాను.

ఆమె హాలు గుమ్మం వైపు చూసింది. అక్కడినుంచి వేదిక కనిపిస్తోంది. ఆయన శాలువా కప్పుకుని, తల కొంచెం వంచి, ముందు వరసలో ఎవరినో వెతుకుతున్నారు.

"ఆయప్పే మార్చినాడా?"

"అవునమ్మా."

పుస్తకం బల్ల మీద, తీసిన దొంతర మీదే పెట్టింది. అంచు సరిగ్గా కలిసేలా పెట్టింది. ఖాళీ సంచులు రెండూ మడిచి చంకలో పెట్టుకుని, "మా బైండు పంపించండి సార్" అని చెప్పి, లోపలికి పోకుండానే వెళ్ళిపోయింది.

సభ అయ్యాక ఆయన అడిగారు. "మేస్త్రి బిడ్డ రాలేదా?"

"వచ్చారు సార్. బస్సు టైమైందని వెళ్ళిపోయారు."

"పలకరించకుండానా?" అన్నారు. తర్వాత, "దూరం కదా. సాయంత్రం బస్సులు తక్కువ" అని ఆయనే సర్దుకున్నారు.

పుస్తకం బాగా పోయింది. చివరి అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ సమీక్షలు వచ్చాయి. ఆయన మాంత్రిక ప్రపంచానికి విత్తనం ఈ తొలి నవల ముగింపులోనే పడిందని ఒకరు రాశారు. ఒక విద్యార్థి దాని మీద పరిశోధన మొదలుపెట్టి నాకు ఫోను చేసి వివరాలు అడిగాడు. చెప్పాను కూడా. ఇప్పుడు అతను ఇది చదువుతుంటే, నన్ను క్షమించమని అడగడం కంటే ముందు, ఆ ముగింపు మీద తను రాసింది మళ్ళీ రాసుకోమని అడుగుతున్నాను.

ఏటా కొత్త సంవత్సరానికి రచయితకు కార్డు రాసే ఆమె ఆ ఏడు రాయలేదు. ఆయన ఆ మాట భాయ్‌తో అన్నారట. తర్వాతి ఏడు కూడా రాయలేదు. ఆ వేసవిలో ఆయన పోయారు.

ఆమె బైండు కోసం నాకు రెండుసార్లు ఫోను చేసింది. ఇదిగో అదిగో అన్నాను. మూడోసారి చేయలేదు. బైండు నా బీరువాలో, పదకొండు అధ్యాయాలతో, తెగిన కుట్టుతో ఉండిపోయింది. పోయిన ఏడాది భాయ్ పుస్తకాలు మానేసి ఫ్లెక్సీల మిషను పెట్టాడు. నా ఉద్యోగం అయిపోయింది. ఇంట్లో కూర్చున్నాక బీరువా తరచు తెరవాల్సి వచ్చింది.

పోయిన నెల ఓర్వకల్లు బస్సెక్కాను. ఆమె వసారాలోనే ఉంది. బైండు చేతికిచ్చాను. దిండు గలీబు కూడా అదే. ఆమె విప్పి, ముందు వీపు తడిమింది. కుట్టు లేదు. తర్వాత చివరికి తిప్పింది. అక్కడ ఆగింది.

అంతా చెప్పాను. బ్లేడు, ఆటో, ఎలుకలు, ఆయనకు ఏమి చెప్పానో, ఆ రోజు బల్ల దగ్గర ఆమెకు ఏమి చెప్పానో. చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు.

"ఆయప్పకు తెల్దా?" అంది చివరికి.

"తెలియదమ్మా. నువ్వు చెప్పినట్టే రాశానని ఆయన నమ్మారు."

"ఆ పొద్దు నన్ను ఎతికినాడా?"

"ముందు వరసలో కూర్చోబెట్టమన్నారు."

ఆమె బైండును ఒడిలో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ పెట్టింది.

"సచ్చిపోయినాడని పేపర్లో సూసి కూడా అయ్యో అనలేదు సార్ నేను. మా నాయన్ను తుడిచేసినాడు కదా, పోనీలే అనుకున్యా. ఇప్పుడు ఆ మాటను యాడికి పోయి వాపసు తీసుకుందును?"

భాయ్‌తో మాట్లాడానని, అసలు ముగింపు చెబితే విడి పేజీలుగా వేసి ఇస్తానన్నాడని, పుస్తకం ఉన్నవాళ్ళు నా తొమ్మిది పేజీలు చించేసి ఇవి అతికించుకోవచ్చని చెప్పాను.

"రాసుకుంటారా, ల్యాకుంటే ఇప్పుడు కూడా చెప్పొద్దంటారా?"

"రాసుకుంటానమ్మా."

కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. నేను రాశాను. పూర్తి పాఠం ఆ విడి పేజీల్లో ఉంటుంది. ఇక్కడ క్లుప్తంగా చెబుతాను.

మూడు కళ్ళవాళ్ళు తిరుగు ప్రయాణం కడుతున్నారు. ఊరంతా అర్జీలు పట్టుకుని రాకెట్టు చుట్టూ నిలబడింది. అందరూ ఏదో ఒకటి అడుగుతున్నారు. మేస్త్రి మాత్రం, "పొద్దున అనంగా వచ్చినారు, ఏమన్నా తిన్యారా?" అని అడుగుతాడు. వాళ్ళు తమ యంత్రంలో ఆ ప్రశ్నకు అర్థం వెతుకుతారు. దొరకదు. మేస్త్రి ఇంటికి తీసుకెళ్ళి, ఉన్న నాలుగు జొన్నరొట్టెలూ, పచ్చిమిరపకాయల ఊరుబిండీ పెడతాడు. తిని వెళ్ళిపోతారు. వెళుతూ వెళుతూ నివేదిక పంపుతారు: 'ఈ గ్రామంలో కరువు లేదు. మాకు అన్నం పెట్టారు.' ఆ నివేదిక దారి తప్పి కలెక్టరు ఆఫీసులో పడుతుంది. మర్నాడే కరువు పనులు ఆగిపోతాయి.

"నిజ్జంగా అట్లనే అయింది సార్" అంది ఆమె, కథ ఆపి. "రాకెట్టు ఒక్కటే అబద్ధం. ఆఫీసర్లకు మా నాయన అన్నం పెట్టినాడు, వాళ్ళు కరువు లేదని రాసుకున్యారు, పనులు నిలబెట్టినారు. ఊరంతా గడ్డపారలు పట్టుకుని మా ఇంటి మిందికొచ్చింది. హాజరు రాసే ఈ పెద్దాయన ఉద్యోగం కూడా పోయింది. పోయినా మా వాకిట్లోనే కూర్చోనుండె ఆ పొద్దంతా."

ఊరివాళ్ళు, ఏంటికి పెట్టినావు వాళ్ళకు అన్నం అని మీద పడితే మేస్త్రి అన్న మాటతో నవల అయిపోతుంది. అది ఇది:

"వానలు రాకుంటే వానలు రాలేదంటారప్పా. వాకిట్లోకి వచ్చినోన్ని తిన్యావా అని అడగకుంటే, అదీ కరువు."

రాసి కలం మూశాను. "సదవండి" అంది. మొదటినుంచి చదివాను. ఆమె పెదాలు నాతో పాటే కదులుతున్నాయి. రొట్టెలు తినే చోటికి వచ్చాను.

"'కృతజ్ఞతతో వాళ్ళ మూడు కళ్ళూ చెమర్చాయి.'"

"ఆగండి సార్. ఏమని?"

మళ్ళీ చదివాను.

"నేనట్ల చెప్పినానా?"

కాగితం చూసుకున్నాను. ఆమె చెప్పింది 'మూడు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి' అని. మిగతాది ఎప్పుడు పడిందో నాకే తెలియదు.

"కృతజ్ఞత యాడిది సార్? ఊరుబిండి కారం! ఆ తావ మా నాయన పడీ పడీ నగేటోడు." ఆమె నవ్వింది. నవ్వుతూనే వేలితో కాగితం మీద ఆ మాట చూపించింది. "కొట్టేయండి."

కొట్టేశాను.